బయటి రాష్ట్రం పబ్లిక్ యూనివర్సిటీకి ఎర్లీ డెసిషన్: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి (యూవీఏ, మిషిగన్, విలియం అండ్ మేరీ, వర్జీనియా టెక్)

ఫ్రిస్కో_నాన్న · 2025 సెప్టెంబరు 14

అందరికీ నమస్కారం. మా అమ్మాయిది టెక్సస్ పబ్లిక్ హైస్కూల్, పన్నెండో తరగతి, క్లాసులో టాప్ 7 శాతం, కంప్యూటర్ సైన్స్ కావాలి. 2026 ఫాల్‌కి యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్ టాప్ 5 శాతానికి తగ్గిపోయింది కాబట్టి అక్కడ గ్యారంటీ లేదు. మిషిగన్ ఈ సీజన్‌లోనే కొత్తగా ఎర్లీ డెసిషన్ (ఈడీ) పెట్టింది, యూవీఏకి (యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా) ఇంతకుముందే ఉంది. ఈ రెంటిలో ఒకదానికి ఈడీ వేద్దామని ఆలోచన. బయటి రాష్ట్రం పిల్లలకి ఈడీతో నిజంగా లాభం ఉంటుందా? డబ్బు సంగతి ముందే ఎలా తేల్చుకోవాలి? ఫారాల్లో ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి? అమ్మాయి సిటిజన్. మా ఇద్దరివీ ఉద్యోగాలే, హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ ఉంది.

---

అడ్మిషన్స్_అక్క · సెప్టెంబరు 14

ముందు ఏ స్కూల్లో ఏ పద్ధతి ఉందో చూద్దాం. ఈడీ, ఈఏ (ఎర్లీ యాక్షన్) ఒకటేననుకుని మోసపోయేవాళ్లు చాలామంది. ఈఏ అంటే ముందు వేస్తాం, ముందు జవాబొస్తుంది, చేరడం మన ఇష్టం. ఈడీ అంటే సీటొస్తే చేరి తీరాలి, మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి.

పేరున్న పబ్లిక్ యూనివర్సిటీల్లో చాలావాటికి ఈడీయే లేదు. జార్జియా టెక్, ఇల్లినాయ్ అర్బానా, పర్డ్యూ, విస్కాన్సిన్, మేరీలాండ్, యూటీ ఆస్టిన్ అన్నీ ఈఏనే. కాలిఫోర్నియా యూసీలకి ముందస్తు రౌండే లేదు, అందరికీ ఒకటే గడువు. బైండింగ్ రౌండు, అంటే ఈడీ, ఉన్నవాటిలో మనవాళ్లు ఎక్కువగా వేసేవి నాలుగు. యూవీఏ, విలియం అండ్ మేరీ, వర్జీనియా టెక్, ఇప్పుడు మిషిగన్. నాలుగింటికీ ఈడీ గడువు నవంబరు 1. విలియం అండ్ మేరీకి జనవరి మొదట్లో ఈడీ-2 (రెండో బైండింగ్ రౌండు) కూడా ఉంది, మొదటి ఈడీలో రాకపోతే పనికొచ్చేది అదే. యూవీఏ ఈడీ జవాబు డిసెంబరు 15 కల్లా వస్తుంది, ఈఏ జవాబు ఫిబ్రవరి మధ్యలో. మిషిగన్ ఈడీ జవాబు డిసెంబరు చివర్లో, ఈఏ జవాబు జనవరి చివర్లో.

దీనికి వెనక కథ కూడా తెలిసుండాలి. చాపెల్ హిల్ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా) 2002లోనే ఈడీ తీసేసింది. యూవీఏ 2006లో తీసేస్తున్నట్టు ప్రకటించి, 2019లో మళ్లీ పెట్టింది. తీసేసినప్పుడు చెప్పిన కారణం ఇప్పటికీ నిజమే: నాలుగు చోట్ల ఎయిడ్ (ఆర్థిక సాయం) పోల్చుకోవాల్సిన కుటుంబానికి ఈడీ నష్టం.

---

కృష్ణాతీరం · సెప్టెంబరు 14

అక్క చివర చెప్పిన మాటే మొదట పట్టించుకోవాలి. ప్రైవేట్ కాలేజీకి ఈడీ వేసేటప్పుడు "సీటొస్తే ఎయిడ్ ఇస్తారు" అని ఒక ధైర్యం ఉంటుంది. బయటి రాష్ట్రం పబ్లిక్‌లో ఆ ధైర్యం చాలా చోట్ల కుదరదు, ఎందుకంటే వాళ్ల ఎయిడ్ డబ్బు ముందు సొంత రాష్ట్రం పిల్లలకే. మిషిగన్ వాళ్ల గో బ్లూ గ్యారంటీ అనే ఎయిడ్ హామీ మిషిగన్ రాష్ట్రం పిల్లలకి మాత్రమే. యూవీఏ ఇందుకు మినహాయింపు. డొమెస్టిక్ విద్యార్థులకి, బయటి రాష్ట్రం వాళ్లయినా సరే, లెక్కల్లో తేలిన అవసరం మొత్తం భరిస్తుంది. ఆ అవసరం ఎంతో తేల్చేది మాత్రం వాళ్లే, మనం కాదు.

ఇప్పుడు లెక్క. యూవీఏ, మిషిగన్ రెండూ బయటి రాష్ట్రం వాళ్లకి అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటతాయి. ఉదాహరణకి మొదటి ఏడాది 84 వేలు, ఏటా 4 శాతం పెరుగుదల వేసుకోండి. 84,000, తర్వాత 87,360, 90,850, 94,490. మొత్తం 3 లక్షల 56 వేల 700. వెబ్‌సైట్లో కనపడేది మొదటి అంకె ఒక్కటే, చాలామంది దాన్నే నాలుగుతో గుణించి ఊరుకుంటారు. అలా చేస్తే 20 వేలు తక్కువ చూపిస్తుంది. పైగా మిషిగన్‌లో 55 క్రెడిట్లు దాటాక అప్పర్ డివిజన్ (పై ఏడాదుల) ట్యూషన్ వేరు, ఎక్కువ. యూవీఏలో ఇంజనీరింగ్ ట్యూషన్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కంటే ఎక్కువ. కంప్యూటర్ సైన్స్ కాబట్టి మీకు ఈ రెండూ తగులుతాయి.

సంతకం పెట్టేముందు చేయాల్సింది యూనివర్సిటీ సైట్లో ఉన్న నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (ఎయిడ్ పోగా మీరు కట్టాల్సింది ఎంతో అంచనా చెప్పేది) నింపడం. 2026-27 ఏడాదికి చూసేది 2024 ట్యాక్స్ రిటర్న్, కాబట్టి 2024 రిటర్న్ ముందు పెట్టుకుని నింపండి. ఇప్పటి జీతం వేస్తే తప్పు జవాబొస్తుంది. 2024లో ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) వెస్ట్ అయ్యుంటే, అంటే మీ చేతికొచ్చుంటే, అదంతా ఆదాయంలో కలిసే ఉంటుంది. అది ఒక్క ఏడాది ముచ్చటే అయితే తర్వాత ఎయిడ్ ఆఫీసుకి ఆధారాలతో రాసి సవరించమని అడగొచ్చు, కానీ వాళ్లు ఒప్పుకుంటారన్న లెక్క మీద ఈడీ వేయకండి. రెండు ఐటీ జీతాలున్న ఇంటికి ఈ కాలిక్యులేటర్ చూపే గ్రాంటు చాలాసార్లు సున్నా. సున్నా చూపిస్తే అదే మీ జవాబు: 84 వేలు మీరే కట్టాలి.

ఇక హైదరాబాద్ ఫ్లాట్. ఫాఫ్సాలో (ఫెడరల్ ఎయిడ్ ఫారం) మీరుండే ఇల్లు లెక్కలోకి రాదు. ఇంకెక్కడ స్థలం, ఫ్లాటు ఉన్నా, ఇండియాలో ఉన్నా సరే, ఇన్వెస్ట్‌మెంట్ కిందే చూపాలి. ఈరోజు మార్కెట్ ధర నుంచి దాని మీదున్న అప్పు తీసేసి, మిగిలింది డాలర్లలో వేయాలి. తల్లిదండ్రుల ఆస్తిలో గరిష్ఠంగా 5.64 శాతం ప్రతి ఏడాదీ మీరు కట్టగలరని లెక్క వేస్తారు. ఫ్లాట్ నికర విలువ లక్షా 50 వేల డాలర్లయితే ఏడాదికి 8,460 డాలర్ల వరకు ఎయిడ్ తగ్గిపోవచ్చు. ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా చూపాలి. 401కే, ఐఆర్‌ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాలు చూపనక్కర్లేదు. ఊళ్లో నాన్నగారి పేరున ఉన్న పొలం మీది కాదు, రిజిస్ట్రేషన్ మీ పేరున అయ్యేదాకా చూపక్కర్లేదు. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ (కొన్ని కాలేజీలు అదనంగా అడిగే ఎయిడ్ ఫారం) ఇంకా లోతుగా అడుగుతుంది, అందులో మీరుండే ఇంటి ఈక్విటీ కూడా ఉంటుంది. యూవీఏ, మిషిగన్ రెండూ సీఎస్‌ఎస్ అడుగుతాయి.

---

ఫ్రిస్కో_నాన్న · సెప్టెంబరు 14

కృష్ణాతీరం గారూ, చాలా థాంక్స్. లోన్లు కలుపుకుంటే?

---

కృష్ణాతీరం · సెప్టెంబరు 14

అమ్మాయి పేరున ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, మూడు, నాలుగు ఏళ్లలో 7,500 చొప్పున. నాలుగేళ్లకీ 27,000. అంతే. ఇదివరకు మిగతాది పేరెంట్ ప్లస్ లోన్‌తో (తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ లోన్) పూడ్చేవాళ్లు, ఎయిడ్ పోగా ఉన్న ఖర్చంతా అప్పు దొరికేది. కొత్త చట్టంతో 2026 జులై 1 నుంచి పేరెంట్ ప్లస్‌కి పరిమితి పడింది. ఒక పిల్లకి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు. 2026 ఫాల్‌లో చేరేవాళ్లు సరిగ్గా ఈ కొత్త రూల్ కిందికే వస్తారు. రెండు ఫెడరల్ లోన్లూ పూర్తిగా వాడినా 92 వేలు. మూడు లక్షల యాభై వేల పైచిలుకులో మిగతా రెండున్నర లక్షలకి పైగా జీతం, పొదుపు, 529 (కాలేజీ పొదుపు ఖాతా), ప్రైవేట్ లోన్ నుంచి రావాలి. అన్నయ్యల, అక్కల టైంలో ఎలా సర్దారో విని ఇప్పుడు అలాగే సర్దుదామనుకోవద్దు.

రెండో బిడ్డ ఉంటే ఇంకొకటి: ఇద్దరూ ఒకేసారి కాలేజీలో ఉంటే ఫాఫ్సా ఇదివరకు ఇచ్చే తగ్గింపు 2024-25 నుంచి లేదు.

---

లెక్కల_మాస్టారు · సెప్టెంబరు 15

ఛాన్సుల విషయం నేను రాస్తాను. "ఈడీ వేస్తే ఛాన్స్ రెట్టింపు" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. చాలా యూనివర్సిటీలు కామన్ డేటా సెట్ అని ఒక పత్రం పెడతాయి. అందులో సీ21 అనే భాగంలో ఈడీకి ఎంతమంది వేశారు, ఎంతమందికి ఇచ్చారు అని ఉంటుంది. సీ1లో రాష్ట్రం లోపలి, బయటి వాళ్ల అంకెలు విడిగా ఉంటాయి. కానీ ఈడీలో బయటి రాష్ట్రం వాళ్లెంతమంది అన్నది ఆ పత్రంలో ఎక్కడా రాదు. సీ21 శాతం చూసి అది మనకే అనుకోవడం తప్పు. వర్జీనియా స్కూళ్ల ఈడీలో సొంత రాష్ట్రం పిల్లలు బాగా వేస్తారు, వాళ్ల శాతం చాలాసార్లు ఎక్కువే. యూవీఏ అండర్‌గ్రాడ్లలో మూడింట రెండు వంతులు వర్జీనియా వాళ్లే. యూవీఏ అడ్మిషన్ ఆఫీసు రౌండు వారీగా, లోపల-బయట విడదీసి అంకెలు చెబుతుంది, మీరు చూడాల్సింది వాటిలో బయటి రాష్ట్రం ఈడీ గడి, దాని పక్కనే బయటి రాష్ట్రం ఈఏ గడి.

ఈడీ గుంపులో స్కూలు టీములు ముందే ఎంచుకున్న క్రీడాకారులు ఉంటారు, వాళ్ల వల్ల శాతం పెరిగినట్టు కనపడుతుంది. ప్రైవేట్లలో అయితే పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా. వర్జీనియా పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆ లెగసీ ప్రాధాన్యం 2024 జులై 1 నుంచి చట్టప్రకారం నిషేధం, కాబట్టి అక్కడ ఆ వక్రీకరణ పోయింది.

మిషిగన్ ఈడీకి ఇదే మొదటి ఏడాది. గతం అంకెలంటూ ఏవీ లేవు. ఎవరైనా "మిషిగన్ ఈడీ శాతం ఇంత" అని చెప్తే నమ్మకండి.

ఇవన్నీ చెప్పాక కూడా నా అభిప్రాయం: బయటి రాష్ట్రం పిల్లకి ఈడీతో కొంత లాభం ఉంది. మిషిగన్‌కి ఏటా లక్షకు పైగా అప్లికేషన్లు వస్తున్నాయి. వాటిలో మంచి మార్కులున్న బయటి పిల్లలు చాలామంది సీటొచ్చాక ఇంకెక్కడో చేరతారు. ఎవరు తప్పకుండా వస్తారో తెలిస్తే హాస్టళ్లూ, సెక్షన్లూ, బడ్జెట్టూ అన్నీ లెక్క కుదురుతాయి. ఈడీ సంతకం ఆ ఖాళీని నింపుతుంది. అంచు మీదున్న ఫైలుకి అది పనికొస్తుంది. మార్కులు, కోర్సులు వాళ్ల స్థాయికి అందని ఫైలుకి ఏమీ చేయదు.

---

కృష్ణాతీరం · సెప్టెంబరు 15

మాస్టారూ, మీ లెక్కతో పేచీ లేదు. కానీ ఆ లాభానికి ధరుంది. టెక్సస్‌లో ఉన్న పిల్లకి ఇంట్లోనే రెండో దారి ఉందిగా. టాప్ 10 శాతంలో ఉంటే టెక్సస్ ఏ అండ్ ఎం ఆటోమేటిక్. ఆ ఆటోమేటిక్ యూనివర్సిటీకే, ఇంజనీరింగ్ విడిగా చూస్తారన్నది గుర్తుంచుకోవాలి. యూటీ డాలస్ ఉంది. ఈడీలో పోల్చుకునే హక్కు ఒదులుకుంటున్నాం. అలబామా లాంటి చోట్ల బయటి రాష్ట్రం పిల్లలకి మార్కుల మీదే మెరిట్ డబ్బు ఇస్తారు, అది చేతికొచ్చి కూడా ఈడీ సీటొచ్చిందంటే వదిలేయాలి.

ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకోండి. యూటీ ఆస్టిన్ సీటు కూడా వచ్చిందనుకుంటే, ఈ పిల్ల ఏడాదికి 50 వేలు ఎక్కువ కట్టి యూవీఏకి వెళ్తుందా? వెళ్తుందని తల్లీ తండ్రీ బిడ్డా ముగ్గురూ ఒక్క మాట మీద చెప్పగలిగితే ఈడీ. కాసేపు ఆలోచించాల్సొస్తే ఈఏ.

---

లెక్కల_మాస్టారు · సెప్టెంబరు 15

ఆ పరీక్షకి నేనూ ఒప్పుకుంటాను. యూవీఏకి, మిషిగన్‌కి ఈఏ కూడా నవంబరు 1 గడువుతోనే ఉంది కాబట్టి, ఈఏ వేసినవాళ్లు మొదటి రౌండు పోగొట్టుకున్నట్టు కాదు.

---

అడ్మిషన్స్_అక్క · సెప్టెంబరు 15

ఫారాల సంగతి. కామన్ యాప్‌లో (చాలా యూనివర్సిటీలకి ఒకేచోట నింపే ఆన్‌లైన్ అప్లికేషన్) తప్పులు జరిగే చోట్లు ఇవి.

యూనివర్సిటీ పేజీలో ప్రశ్నల్లో మొదటిదే ఏ రౌండు అని. అక్కడ ఎర్లీ డెసిషన్ ఎంచుకున్నాకే రికమెండర్ల పేజీలో ఈడీ అగ్రిమెంట్ కనపడుతుంది. దానికి మూడు సంతకాలు: పిల్ల, తల్లి లేదా తండ్రి, స్కూల్ కౌన్సిలర్. తల్లిదండ్రుల సంతకానికి లింకు ఈమెయిల్‌లో వస్తుంది. ఆ మెయిల్ స్పామ్‌లోకి పోయి, పిల్ల తనది పూర్తయిందనుకుని ఊరుకోవడం ప్రతి ఏడాదీ జరిగేదే. పిల్ల రాసిచ్చిన మీ మెయిల్ అడ్రసు ఏది అన్నది ముందే చూసుకోండి.

ఫెర్పా అనుమతి (స్కూలు రికార్డులు పంపడానికి పిల్ల ఇచ్చేది) పూర్తిచేయకపోతే కౌన్సిలర్ వైపు నుంచి ఒక్క కాగితమూ కదలదు. స్కూళ్లలో కాగితాలు పంపడానికి నవియన్స్ లేదా స్కూల్ లింక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే కామన్ యాప్‌ని దానికి జతచేయాలి, అక్కడ కూడా రౌండు ఈడీ అని విడిగా మార్చాలి. ఒకచోట ఈడీ, రెండోచోట రెగ్యులర్ అని ఉంటే స్కూలు పంపాల్సిన కాగితాలు ఆలస్యంగా వెళ్తాయి.

ఈసారి నవంబరు 1 శనివారం. స్కూల్ కౌన్సిలర్ ఆఫీసు శుక్రవారం మధ్యాహ్నానికే మూతపడుతుంది. కాబట్టి కౌన్సిలర్‌కి కావాల్సినవన్నీ అక్టోబరు మొదట్లోనే చేతిలో పెట్టండి. చాలా స్కూళ్లు ట్రాన్స్‌క్రిప్ట్ అడగడానికే రెండు మూడు వారాల గడువు పెడతాయి. యూవీఏకి కౌన్సిలర్ లెటర్‌తో పాటు ఒక టీచర్ లెటర్ కావాలి.

సబ్మిట్ నొక్కడమే ఆఖరి మెట్టు కాదు. ప్రివ్యూ పీడీఎఫ్ తెరిచి మొత్తం చదవాలి, ఫీజు కట్టాలి, పేరు టైప్ చేసి సంతకం చేయాలి, అప్పుడు సబ్మిట్, చివరికి తెర మీద రంగు కాగితాలు రాలతాయి. అవి రాలకపోతే వెళ్లనట్టే. ఫీజు కట్టేసి సంతకం మెట్టు దగ్గర ఆగిపోయినవి చాలా ఉంటాయి. ఒకసారి వెళ్లాక రౌండు మార్చుకోవాలంటే కామన్ యాప్‌లో కుదరదు, అడ్మిషన్ ఆఫీసుకే రాయాలి.

స్కోర్లు పంపుతామనుకుంటే అక్టోబరు 4 ఎస్‌ఏటీయే ఆఖరు. తర్వాతిది నవంబరు 8, గడువు దాటిపోతుంది. యూవీఏ, మిషిగన్ ఈసారి టెస్ట్ ఆప్షనల్, అంటే స్కోరు పంపడం మన ఇష్టం. కానీ మీ లిస్టులో జార్జియా టెక్, పర్డ్యూ, యూటీ ఆస్టిన్ ఉంటే అక్కడ స్కోరు తప్పనిసరి.

ఈడీ ఒక్క చోటే. దాంతో పాటు ఈఏలు ఎన్నైనా వేయొచ్చు, కానీ ఎదుటి స్కూలు రూలు చూడాలి. స్టాన్‌ఫర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి చోట్ల రెస్ట్రిక్టివ్ ఎర్లీ యాక్షన్ (వేరేచోట ఎర్లీ వేయకుండా షరతు పెట్టే ఈఏ) ఉంటుంది. పబ్లిక్ యూనివర్సిటీకి ఎర్లీ వేయొచ్చని వాళ్ల రూల్లో ఒక మినహాయింపు ఉంది, అది బైండింగ్ కాని రౌండుకే. యూవీఏ పబ్లిక్కే కదా అని ఈడీ వేసి పక్కన స్టాన్‌ఫర్డ్ వేస్తే రూలు తప్పినట్టే. జార్జ్‌టౌన్ ఈఏ కూడా ఇంకోచోట ఈడీ వేసినవాళ్లని ఒప్పుకోదు.

---

షార్లెట్_అమ్మ · సెప్టెంబరు 16

మా బాబు హెచ్4లో (మా హెచ్1బీ మీద డిపెండెంట్ వీసా) ఉన్నాడు, నార్త్ కరోలినా. యూవీఏ అవసరం మొత్తం భరిస్తుందన్నారు, మాకూ వర్తిస్తుందా? ఈడీ వేయొచ్చా?

---

కృష్ణాతీరం · సెప్టెంబరు 16

అమ్మా, ఈడీ వేయడానికి హెచ్4 అడ్డం కాదు. ఎయిడ్ మాట వేరు. ఫెడరల్ ఎయిడ్ సిటిజన్లకి, గ్రీన్ కార్డున్నవాళ్లకి, ఇంకొన్ని అర్హత ఉన్న వర్గాలకి మాత్రమే. హెచ్4 వాటిలో లేదు. యూవీఏ హామీ కూడా ఆ అర్హత ఉన్నవాళ్లకే. ఫెడరల్ లోన్ లేదు, పేరెంట్ ప్లస్ లేదు. ప్రైవేట్ లోన్ ఇచ్చేవాళ్లలో చాలామంది సిటిజన్ గానీ గ్రీన్ కార్డున్నవాళ్లు గానీ కో-సైన్ చేయమంటారు. కాబట్టి మీకు ఈడీ అంటే పూర్తి ఫీజు సొంతంగా కట్టడమే, మధ్యలో వెనక్కి రావడానికి ఎయిడ్ కారణం కూడా చెప్పలేరు.

ఇంకో రెండు సంగతులు. బాబుకి 21 నిండిన రోజుతో హెచ్4 ఆగిపోతుంది. 18లో చేరితే అది మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాది మొదట్లోనో పడుతుంది. అప్పటికి ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారి ఉండాలి. ఐ-539 ఫారంతో ఇక్కడే స్టేటస్ మార్చుకోవాలంటే నెలలు పడుతుంది, కాబట్టి కనీసం ఏడాది ముందే మొదలుపెట్టండి. కంప్యూటర్ సైన్స్ పిల్లలకి ఇంకా ముందే అవసరం పడుతుంది. హెచ్4 మీద జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు, ఎఫ్1లో సీపీటీ (చదువుతూ ఇంటర్న్‌షిప్ చేసే అనుమతి) దొరుకుతుంది. రెండో ఏడాది వేసవికి ఇంటర్న్‌షిప్ కావాలంటే మొదటి ఏడాదే ఆలోచించాలి. ఐ-20 (ఎఫ్1 కోసం కాలేజీ ఇచ్చే పత్రం) రావాలంటే ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు బ్యాంకులో చూపించాలి.

సొంత రాష్ట్రం పబ్లిక్‌లో ఉంటే ఎఫ్1కి మారినప్పుడు ఇన్-స్టేట్ ఫీజు నిలబడుతుందా అన్న చిక్కు కొన్ని రాష్ట్రాల్లో ఉంటుంది. మీ రాష్ట్రం యూనివర్సిటీల రెసిడెన్సీ ఆఫీసుని ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబు చూశాకే బయటి ఫీజుతో పోల్చండి.

---

హ్యూరాన్_ఒడ్డు · సెప్టెంబరు 16

మిషిగన్ లోపలి కాలేజీల గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఇక్కడ ఈడీ వేసేముందు తేల్చుకోవాల్సింది ఏ కాలేజీ ద్వారా అన్నది. కంప్యూటర్ సైన్స్ రెండు చోట్ల ఉంది: కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్‌లో, ఎల్‌ఎస్‌ఏలో (లిటరేచర్, సైన్స్ అండ్ ఆర్ట్స్ కాలేజీ). కోర్ కోర్సులు అవే, ఈఈసీఎస్ 280, 281. చుట్టూ ఉన్న సబ్జెక్టులు వేరు. ఇంజనీరింగ్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ పడతాయి. ఎల్‌ఎస్‌ఏలో నాలుగో సెమిస్టర్ స్థాయి వరకు ఒక పరభాష తప్పనిసరి. ముందు ఏదో ఒకదాంట్లో చేరి తర్వాత సీఎస్‌కి మారదామన్న ఆలోచన పెట్టుకోకండి. 2023 నుంచి సీఎస్ కావాలంటే అప్లికేషన్‌లోనే ఎంచుకోవాలి, లోపలికి వచ్చాక దారి ఇరుకు. బైండింగ్‌గా వచ్చి కావాల్సిన మేజర్ దొరకకపోవడం కంటే పెద్ద నష్టం ఇంకోటి లేదు. యూవీఏలో కూడా రెండు దారులున్నాయి, ఇంజనీరింగ్‌లో బీఎస్, ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌లో బీఏ. అక్కడ కూడా స్కూలు ఏదో అప్లికేషన్లోనే రాయాలి.

ఇక 550 పదాల వ్యాసం, ఈ కాలేజీ ఎందుకు అన్నది. వందల డ్రాఫ్టుల్లో మొదటి పేరా ఒకటే ఉంటుంది: స్టేడియం, గో బ్లూ, ర్యాంకింగ్. ఆ 100 పదాలూ వృథా. పేరు తీసేసి విస్కాన్సిన్ అని పెట్టినా నడిచే వాక్యం ఏదున్నా కొట్టేయండి. పనికొచ్చే వాక్యం ఎలా ఉంటుందో చెప్తాను. పిల్ల హైస్కూల్లో రోబోటిక్స్‌లో బ్యాటరీ మేనేజ్‌మెంట్ కోడ్ రాసిందనుకోండి. మిషిగన్ సోలార్ కార్ టీమ్‌లో అదే పని పెద్ద ఎత్తున ఎలా ఉంటుంది, దానికి తనకి ఏం తెలియదు, ఏ కోర్సుతో ఆ లోటు తీరుతుంది, ఈ మూడూ వరసగా రావాలి. "టీమ్‌లో చేరతాను" అని ఆపేస్తే వెబ్‌సైట్ చూసి రాసినట్టుంటుంది. ఈడీ వేసిన పిల్ల ఫైల్లో ఈ వ్యాసం నీరసంగా ఉంటే, ఇష్టంతో కాదు లెక్క కోసం సంతకం పెట్టిందని చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

---

కూకట్‌పల్లి_12 · సెప్టెంబరు 17

ఇండియా నుంచి ఇంటర్ సెకండియర్ పిల్లలు వీటికి ఈడీ వేయొచ్చా? మా కాలేజీలో కౌన్సిలర్ అంటూ ఎవరూ లేరు.

---

అడ్మిషన్స్_అక్క · సెప్టెంబరు 17

వేయొచ్చు. కౌన్సిలర్ స్థానంలో ప్రిన్సిపాల్ గానీ వైస్ ప్రిన్సిపాల్ గానీ ఉండొచ్చు, కానీ ఆయన కాలేజీ మెయిల్‌తోనే కామన్ యాప్‌లో చేరాలి. స్కూల్ రిపోర్ట్, తొమ్మిది నుంచి పదకొండు దాకా మార్కుల పత్రాలు, ఈడీ అగ్రిమెంట్ సంతకం అన్నీ ఆయనే అప్‌లోడ్ చేయాలి. కార్పొరేట్ కాలేజీల్లో అక్టోబరు అంటే క్లాసుల ఒత్తిడి, దసరా సెలవులు. ఇప్పుడే ఆయన పక్కన కూర్చుని లాగిన్ చేయించండి. పదో తరగతి, ఇంటర్ మొదటి సంవత్సరం మెమోలు తెలుగులో ఉంటే ఇంగ్లీషు ప్రతి జతచేయాలి. డబ్బు విషయంలో కృష్ణాతీరం గారు హెచ్4కి చెప్పిందే మీకూ: పూర్తి ఫీజు, ఐ-20కి బ్యాంకు ఆధారాలు.

---

ఫ్రిస్కో_నాన్న · సెప్టెంబరు 18

అందరికీ కృతజ్ఞతలు. కాలిక్యులేటర్ నింపాం, గ్రాంటు సున్నా వచ్చింది. అయినా 529, జీతం కలిపితే యూవీఏ కుదురుతుందనిపిస్తోంది. ఇంకా నిర్ణయం కాలేదు. రెండు ప్రశ్నలు: తేదీల వరస ఎలా పెట్టుకోవాలి? సీటొచ్చాక డబ్బు కుదరకపోతే నిజంగా బయటపడొచ్చా?

---

అడ్మిషన్స్_అక్క · సెప్టెంబరు 18

దసరా అక్టోబరు 2, దీపావళి అక్టోబరు 20. దసరాకి ఈడీయా ఈఏనా అన్నది తేలిపోవాలి, దీపావళికి అప్లికేషన్ వెళ్లిపోవాలి. మీకు మధ్యలో అక్టోబరు 15 కూడా ఉంది: యూటీ ఆస్టిన్, ఏ అండ్ ఎం ఈఏ గడువు. అవి ముందు పూర్తవుతాయి, వాటి వ్యాసాలతో చేయి తిరుగుతుంది. ఫాఫ్సా, సీఎస్‌ఎస్ కూడా అక్టోబరులోనే నింపండి. ఎయిడ్ అంచనా ఈడీ జవాబుతో పాటు రావాలంటే అవి సమయానికి వాళ్ల దగ్గరుండాలి. సున్నా వస్తుందని తెలిసినా నింపండి, అమ్మాయి పేరున ఫెడరల్ లోన్‌కి ఫాఫ్సా కావాలి.

అప్లికేషన్ వెళ్లిన రెండు మూడు రోజుల్లో యూనివర్సిటీ పోర్టల్ లాగిన్ వస్తుంది. అక్కడి చెక్‌లిస్టులో ఏ గడి ఖాళీగా ఉందో వారానికోసారి చూడాలి. "ట్రాన్స్‌క్రిప్ట్ అందలేదు" అని ఉంటే అదే రోజు కౌన్సిలర్‌కి చెప్పాలి.

డిసెంబరు 15 తర్వాతే అసలు హడావుడి. డిఫర్ అయినా (నిర్ణయం రెగ్యులర్ రౌండుకి వాయిదా పడినా), రిజెక్ట్ అయినా ఈడీ కట్టుబాటు తీరిపోతుంది, జనవరి మొదటి వారం గడువుల్లో రెగ్యులర్, ఈడీ-2 వేసుకోవచ్చు. మధ్యలో ఉన్నది రెండు వారాలు, అందులో క్రిస్మస్. మనసు బాగాలేని పిల్ల చేత ఆ రెండు వారాల్లో ఆరు స్కూళ్ల వ్యాసాలు రాయించడం అన్యాయం. థాంక్స్‌గివింగ్ సెలవులకే ఆ డ్రాఫ్టులు అయిపోవాలి. సబ్మిట్ మాత్రం జవాబొచ్చాకే, ఫీజులు మిగులుతాయి. డిఫర్ అయితే మొదటి సెమిస్టర్ మార్కులతో మిడ్-ఇయర్ రిపోర్ట్ వెళ్తుంది, అప్పుడు చదువు వదలకూడదు.

సీటొస్తే డిపాజిట్ కట్టి, వేసిన ప్రతి చోటా పోర్టల్లో విత్‌డ్రా నొక్కాలి. అప్పటికే వచ్చిన ఈఏ సీట్లు కూడా వదిలేయాలి. ఎక్కువ స్కాలర్‌షిప్ వస్తుందేమో చూద్దామని ఒకటి రెండు దాచుకోవడం కుదరదు, కౌన్సిలర్ కూడా సంతకం చేశారు, మీ తర్వాత ఆ స్కూల్ నుంచి వేసే పిల్లల మీద పడుతుంది.

---

కృష్ణాతీరం · సెప్టెంబరు 18

బయటపడటానికి ఉన్న దారి ఒక్కటే: ఎయిడ్‌కి అప్లై చేసి, వాళ్లిచ్చింది చాలక చేరలేకపోవడం. వరస ఇలా. ముందు ఎయిడ్ ఆఫీసుకి రాయాలి, 2024 తర్వాత మారినవి ఆధారాలతో చూపాలి: ఉద్యోగం పోవడం, ఇన్సూరెన్స్ ఇవ్వని వైద్య ఖర్చు, ఆ ఏడాది ఒక్కసారి వచ్చిన ఆర్‌ఎస్‌యూ. వాళ్లు మళ్లీ చూసి అంకె మార్చొచ్చు, మార్చకపోవచ్చు. అప్పటికీ కుదరకపోతే అడ్మిషన్ ఆఫీసుకి రాతపూర్వకంగా విడుదల అడగాలి, కౌన్సిలర్‌కి కాపీ పంపాలి. విడుదల ఉత్తరం చేతికొచ్చేదాకా మిగతా అప్లికేషన్లు మళ్లీ తెరవకండి.

ఇది పనికొచ్చేది కాలిక్యులేటర్ చూపినదానికీ నిజంగా వచ్చినదానికీ పెద్ద తేడా ఉన్నప్పుడు. మీకు కాలిక్యులేటర్ సున్నా చూపించింది, డిసెంబరులో సున్నా వస్తే కొత్తగా ఏమీ జరగనట్టే. కాబట్టి మీ విషయంలో ఆ దారి లేదనుకునే నిర్ణయించుకోండి. 529లో ఈరోజు ఎంతుంది, నాలుగేళ్లలో జీతం నుంచి ఏడాదికి ఎంత తీయగలరు, రెండో బిడ్డకి ఎంత మిగలాలి, ఈ మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి. 3 లక్షల 57 వేలకి ఎంత తగ్గుతుందో కలిసి లెక్క వేద్దాం.